చవగ్గా దొరికిన నైట్ విజన్ ఎవరిది?

(టెక్సాస్‌లో కొందరు తెలుగువాళ్ళు కలిసి నడుపుకునే క్యాంపింగ్ బృందం వారాంతపు సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? సరే. బిర్యానీ తిన్నాక నా ప్రసంగం పెట్టారంటే నా మీద నమ్మకంతో పెట్టారో, మీరు కాసేపు కునుకు తీస్తారని పెట్టారో నాకైతే తెలీదు. (నవ్వులు) నిద్రొస్తే పడుకోండి, కానీ ఫోన్లో ఏదైనా మిలిటరీ సామాను బేరం నడుస్తున్నవాళ్ళు మాత్రం పడుకోకండి.

ముందు నా సంగతి ఒక ముక్క చెప్పాలి, లేకపోతే వీడికేం తెలుసని మాట్లాడుతున్నాడు అనుకుంటారు. నేను ఎమ్మెస్‌కి వచ్చి, మావ్ని అని ఒక ప్రోగ్రాం ఉండేది కదా, వీసా మీద ఉన్నవాళ్ళని కూడా అమెరికా సైన్యంలో చేర్చుకునేది, 2009 నుంచి 2016 దాకా, దాంట్లో ఆర్మీలో చేరాను. మా అమ్మ నేను తుపాకీ పట్టుకుని కొండలెక్కుతానని ఏడ్చింది. తీరా నాకిచ్చింది యూనిట్ సప్లై పని. మన ఊళ్ళో రేషన్ షాపు డీలరు ఉంటాడు చూడండి, అచ్చం అదే. ఎవరికి ఏమిచ్చాం, సంతకం ఎక్కడుంది, తిరిగొచ్చిందా లేదా. అమ్మకి ఈ పోలిక చెప్పాకే అన్నం తింది. (నవ్వులు)

ఈమధ్య ఒక రాత్రి పదకొండింటికి ఫోన్ వచ్చింది. మనలో ఒకతనే, పేరు అడక్కండి. "అన్నా, ఇంటికి ఇద్దరొచ్చారు, బ్యాడ్జీలు చూపించారు, నేను కొన్న నైట్ విజన్ గురించి అడుగుతున్నారు, మళ్ళీ రేపు పొద్దున వస్తామన్నారు. నేను దొంగనా అన్నా?" అన్నాడు. అతనికి గ్రీన్‌కార్డు ఉంది, సిటిజన్‌షిప్ దరఖాస్తు వేసి ఉన్నాడు. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

నైట్ విజన్ అంటే చీకట్లో కూడా కనబడేలా చేసే దుర్బిణీ లాంటిది. అసలు అతను ఎందుకు కొన్నాడు? పందుల వేటకి. ఇక్కడ అడవి పందుల బెడద మీకు తెలుసు, 2019 నుంచి ప్రైవేటు భూమిలో ఓనరు ఒప్పుకుంటే పందుల వేటకి హంటింగ్ లైసెన్సు కూడా అక్కర్లేదని టెక్సాస్ చెప్పేసింది. పందులేమో రాత్రే బయటికొస్తాయి. అన్నట్టు, హెచ్-1బి మీద ఉండి తుపాకీ పట్టుకునేవాళ్ళు ఈ మాట విని హంటింగ్ లైసెన్సు పారేయకండి, వీసా మీద ఉన్నవాళ్ళకి తుపాకీ ఉండాలంటే ఫెడరల్ చట్టంలో ఉన్న ముఖ్యమైన మినహాయింపు ఆ లైసెన్సే. అది ఇంకో ప్రసంగం.

అతను కొన్నది పీవీఎస్-14. ఒంటి కన్నుది, అరచేతిలో పడుతుంది, ఒక్క డబుల్ ఏ బ్యాటరీతో నడుస్తుంది, బరువు మూడొందల యాభై గ్రాములు అటూఇటూ. కొత్తది డీలరు దగ్గర కొంటే మూడు వేల డాలర్ల దాకా ఉంటుంది. ఇతనికి ఒక క్లాసిఫైడ్స్ యాప్‌లో పదకొండు వందలకి దొరికింది. పెట్రోలు బంకు పార్కింగ్‌లో, క్యాష్. అమ్మినవాడు కుర్రాడు, పొట్టి క్రాఫు, మర్యాదగా మాట్లాడాడట, "సర్వీసు అయిపోయింది, ఇది మిగిలింది" అన్నాడట.

మర్నాడు పొద్దున వాళ్ళు రాకముందే నేను వెళ్ళి ఆ వస్తువు చూశాను. ముట్టుకోలేదు, టేబుల్ మీద పెట్టి టార్చి వేసి చూశానంతే. పెట్టె లేదు, లెన్సు మూత లేదు. పక్కన సీరియల్ నంబరు ఉండాల్సిన చోట పెయింటు గీకేసి ఉంది, కత్తితో కాదు, సన్నటి గరుకు కాగితంతో ఓపిగ్గా. దాని కింద లేబుల్ పీకిన చోట జిగురు మిగిలిపోయి, ఆ జిగురుకి దుమ్ము అంటుకుని నల్లగా చారలా ఉంది. "ఇది నువ్వు చూడలేదా?" అన్నాను. "చూశాను అన్నా, వాడిన వస్తువు కదా అనుకున్నాను" అన్నాడు. నాకు అతని మీద కోపం రాలేదు. ఆ చార చూసి నాకు మా స్టోర్ రూము గుర్తొచ్చింది.

అది చెప్తాను. నైట్ విజన్ లాంటివాటిని ఆర్మీలో సెన్సిటివ్ ఐటమ్ అంటారు. వాటిని నెలనెలా లెక్కపెట్టాలి. లెక్కంటే "పది ఉన్నాయా, ఉన్నాయి" అని కాదు, ఒక్కోదాని సీరియల్ నంబరు గట్టిగా చదివి కాగితంలో టిక్కు పెట్టాలి. ఫీల్డులో ఉంటే ఇంకా ఎక్కువసార్లు. ఒకసారి శిక్షణలో ఉండగా ఒకటి తగ్గింది. రాత్రి రెండింటికి. ఇక చూడండి, గేటు మూసేశారు, ఎవరూ కదలడానికి లేదు. వంద మందికి పైగా చెయ్యీ చెయ్యీ తగిలేలా వరస కట్టి, ముళ్ళకంపల్లో, బురదలో, కాళ్ళ కింద చూసుకుంటూ నడిచాం. తెల్లారింది, మధ్యాహ్నమైంది. భార్య పురిటికి రెడీగా ఉన్న ఒకతను కమాండర్‌ని బతిమాలుతున్నాడు, వెళ్ళనివ్వలేదు. సాయంత్రానికి ఎవడి సంచి అడుగునో గుడ్డలో చుట్టి దొరికింది. దొరికింది కాబట్టి నవ్వుకున్నాం. దొరక్కపోతే సంతకం పెట్టినవాడి జీతంలోంచి పోతుంది, విచారణ నడుస్తుంది, కమాండర్ ఉద్యోగమే ఊడినా ఊడుతుంది. మీకు పదకొండు వందలకి దొరికినదాని వెనక ఇలాంటి రాత్రి ఒకటి ఉండి ఉంటుంది.

ఆర్మీలో ఒక పాత జోకు ఉంది: సైన్యం మొత్తానికి దొంగ ఒక్కడేనట, మిగతావాళ్ళంతా తమ వస్తువు తాము తిరిగి తెచ్చుకుంటున్నవాళ్ళేనట. (నవ్వులు) దుప్పట్లు, సుత్తులు, తాళ్ళు, వీటి విషయంలో ఆ జోకు నిజమే, పక్క యూనిట్‌వాడు మనది ఎత్తుకెళ్తే మనం వాడిది ఎత్తుకొస్తాం. నైట్ విజన్ విషయంలో ఎవడూ జోకులు వేయడు.

అందుకని "సర్వీసు అయిపోయింది, ఇది మిగిలింది" అన్న మాట దగ్గర కాస్త ఆగండి. ఆర్మీ నుంచి బయటికి వెళ్ళేవాడు తనకి ఇచ్చిన సామాను మొత్తం ఒక కౌంటర్లో అప్పజెప్పాలి, సీఐఎఫ్ అంటారు. అక్కడి మనుషులు ఎంత కచ్చితమంటే, నీళ్ళ సీసాకి మట్టి ఉందని వెనక్కి పంపిస్తారు. పళ్ళు తోముకునే బ్రష్షుతో సంచీ కుట్లు తోముకుంటూ కూర్చున్నవాళ్ళని నేను రోజూ చూశాను. హెల్మెట్ ఇవ్వకపోతే డబ్బు కట్టించుకుంటారు. అలాంటిచోట నైట్ విజన్ "మిగలడం" అనేది ఉండదు. అది మనిషి పేరు మీద ఇంటికి వెళ్ళే వస్తువే కాదు, ఆయుధాల గదిలో తాళం వేసి ఉండేది. బూట్లు మిగులుతాయి, యూనిఫాం మిగులుతుంది, సైనికుడు తన డబ్బుతో కొనుక్కున్న సంచీ మిగులుతుంది. అవి అమ్ముకుంటే అడిగేవాడు లేడు. మీరు ఆర్మీ సర్‌ప్లస్ షాపుల్లో కొనేవాటిలో చాలా భాగం ఇలాంటివే, లేదా రక్షణ శాఖే వేలం వేసి అమ్మినవి. దానికి వాళ్ళకి ఒక పద్ధతి ఉంది, ప్రతి వస్తువుకీ డీమిల్ కోడ్ అని ఒక అక్షరం ఉంటుంది. ఏ అంటే అలాగే అమ్మేయొచ్చు. డీ అంటే పూర్తిగా ధ్వంసం చేయాలి, ముక్కగా కూడా మళ్ళీ పనికి రాకూడదు. టెంటు, మడత మంచం, డబ్బాలు, ఇవి కొనుక్కోండి, నేనూ కొంటాను. మా గరాజ్‌లో వేలంలో వచ్చిన టెంటు ఉంది, వర్షంలో ఒక్క చుక్క దిగలేదు ఇంతవరకు.

పద్ధతి ఉంది కదా, మరి బయటికెలా వస్తున్నాయి? ఇది కొత్త సంగతేం కాదు. 2008 ఏప్రిల్‌లో జీఏఓ, అంటే అమెరికా పార్లమెంటు తరఫున ప్రభుత్వ ఖాతాలు తనిఖీ చేసే ఆఫీసు, మన కాగ్ లాంటిది అనుకోండి, వాళ్ళ మనుషులు మారుపేర్లతో మామూలు కొనుగోలుదార్లలా ఈబేలోనూ క్రెయిగ్స్‌లిస్ట్‌లోనూ కూర్చుని ఏం కొనగలిగారో కాంగ్రెస్ కమిటీ ముందు పెట్టారు. 2007 జనవరి నుంచి 2008 మార్చి దాకా ఒక డజను వస్తువులు కొన్నారు. నైట్ విజన్, తుపాకీ గుండుని ఆపే కవచం పలకలు, యుద్ధ యూనిఫాం, ఎఫ్-14 విమానం విడిభాగాలు. వాటిలో చాలావి సైన్యం దగ్గర దొంగిలించినవే. "ఎందుకు కొంటున్నావు" అని అడిగినవాడు లేడు.

ఎఫ్-14 భాగం ఎవరికి కావాలండీ? ఇంట్లో అలంకారానికి పెట్టుకునేవాడు ఒకడో ఇద్దరో ఉండొచ్చు. అమెరికా ఆ విమానాన్ని 2006లోనే పక్కన పెట్టేసింది. దాన్ని ఇంకా ఎగరేస్తూ ఉండిపోయిన దేశం ప్రపంచంలో ఒక్కటే, ఇరాన్. 1979 విప్లవానికి ముందు షా కాలంలో 79 విమానాలు అక్కడికి చేరాయి, ఆ తర్వాత విడిభాగాలు ఆగిపోయాయి. అందుకే పక్కన పెట్టిన ఎఫ్-14లని మ్యూజియంకి ఇచ్చినవి పోగా చాలావాటిని యంత్రాల్లో వేసి ముక్కలు చేశారు. అంత జాగ్రత్త ఒకవైపు, ఈబేలో బిడ్డింగు ఇంకోవైపు.

యూనిఫాందేముంది, గుడ్డే కదా అనిపిస్తుంది. 2007 జనవరి 20న ఇరాక్‌లోని కర్బలాలో అమెరికన్ యూనిఫాంల లాంటివి వేసుకుని కొందరు ఒక ప్రభుత్వ ఆవరణలోకి బండ్లలో నేరుగా వెళ్ళిపోయారు. ఐదుగురు అమెరికన్ సైనికులు చనిపోయారు. యూనిఫాం అమ్మకాల గురించి ఆ 2008 నివేదికలో అంత పట్టుదలగా రాయడానికి ఆ సంఘటన ఒక కారణం.

ఇంకా దగ్గరి కేసు ఫోర్ట్ క్యాంప్‌బెల్‌ది. కెంటకీ, టెనెసీ రాష్ట్రాల సరిహద్దులో ఉంటుంది. 2016 అక్టోబరులో ఆరుగురు సైనికుల మీదా ఇద్దరు సివిలియన్ల మీదా కేసు పెట్టారు, పది లక్షల డాలర్లకి పైగా విలువైన సామాను. స్నైపర్ టెలిస్కోపులు, మెషిన్ గన్ భాగాలు, హెల్మెట్లు, కవచాలు. సైనికులు బయటికి తెచ్చేవాళ్ళు, సివిలియన్లు కొని ఈబేలో పెట్టేవాళ్ళు, కొన్నవాళ్ళు రష్యా, చైనా, కజకిస్తాన్, మెక్సికో, ఉక్రెయిన్, ఎక్కడెక్కడో. విచారణకి వెళ్ళిన సివిలియన్ చెప్పుకున్నది ఏమిటంటే, సైనికులు అమ్ముకునే హక్కు ఉండే అమ్ముతున్నారు అనుకున్నానని. జ్యూరీ నమ్మలేదు. 2017లో దోషి అన్నారు. నా స్నేహితుడికీ అతనికీ తేడా ఎంతో చూడండి. అతను పదేపదే కొన్నాడు, అమ్మాడు, విదేశాలకి పంపాడు. మనవాడు ఒక్కటి కొన్నాడు, పందుల కోసం. కానీ ఇద్దరి నోటా చివరికి వచ్చిన మాట ఒకటే, "అనుకున్నాను" అని.

అందుకని ఇప్పుడు చట్టం సంగతి. నేను లాయర్ని కాదు, ముందే చెప్తున్నా. కానీ ఒక కథ ఉంది, ఇది నాకు చాలా ఇష్టమైన కథ. 1948 డిసెంబరులో మిషిగన్‌లో మోరిసెట్ అని ఒకతను జింకల వేటకి వెళ్ళాడు. పాత ఇనుము వ్యాపారం కూడా చేసేవాడు. జింక దొరకలేదు. ఖాళీ చేతులతో ఇంటికి పోవాలి, ఖర్చులన్నా రాబట్టుకుందామని చుట్టూ చూస్తే, అది ఎయిర్ ఫోర్స్ బాంబులు వేసి ప్రాక్టీసు చేసుకునే చోటు, వాడేసిన బాంబు తొడుగులు కుప్పలుగా పడి తుప్పు పడుతున్నాయి. ఎవడికీ అక్కర్లేదు అనుకున్నాడు. మూడు టన్నులు లారీకి ఎత్తుకుని, పొలంలో ట్రాక్టరుతో తొక్కించి చదును చేసి, ఫ్లింట్ ఊళ్ళో అమ్మాడు. లాభం 84 డాలర్లు. పట్టపగలే, ఎవరికీ దాచకుండా. ప్రభుత్వ ఆస్తి దొంగతనం కింద కేసు పెట్టారు, రెండు నెలల జైలు లేదా రెండొందల డాలర్ల జరిమానా. అతను ఊరుకోలేదు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1952లో జస్టిస్ జాక్సన్ తీర్పు రాశారు, నురెంబర్గ్‌లో నాజీల మీద వాదించినాయనే. వస్తువు తీసుకున్నాడన్న ఒక్క మాట చాలదు, తీసుకున్నప్పుడు మనసులో దొంగ బుద్ధి ఉందా లేదా అన్నది జ్యూరీ తేల్చాలి అని శిక్ష కొట్టేశారు.

ఇప్పుడు మనవాడి కేసుకి వర్తించే సెక్షనూ అదే, ఫెడరల్ శిక్షాస్మృతిలో 641. కాబట్టి ఫోన్లో నేను మొదట చెప్పింది ఇదే: తెలియకుండా కొన్నవాడు దొంగ కాడు. అతను ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత చెప్పింది వినగానే మళ్ళీ బిగపట్టాడు. ఆ సెక్షన్లో రెండో భాగం ఉంది, దొంగిలించిన ప్రభుత్వ వస్తువని తెలిసి సొంతానికి వాడుకునే ఉద్దేశంతో తీసుకున్నా, దాచినా, ఉంచుకున్నా అది నేరమే. ఉంచుకోవడం అన్న మాట గమనించండి. కొన్న రోజు మీకు తెలియదు, సరే. మూడు నెలల తర్వాత ఎవరో చెప్పారు, లేదా మీరే గీకిన నంబరు చూసి అనుమానించారు, నిజం తెలిసింది. అయినా బీరువాలో పెట్టి ఊరుకున్నారు. ఆ రోజు నుంచి కథ మారిపోతుంది. వస్తువు విలువ వెయ్యి డాలర్లు దాటితే పదేళ్ళ దాకా జైలు. విలువ అంటే మీరు ఎంతకి కొన్నారని కాదు, అసలు ధర, మార్కెట్ ధర, ఏది ఎక్కువైతే అది. పదకొండు వందలకి కాక తొమ్మిది వందలకి కొన్నా తప్పించుకునేది లేదు.

మరి తెలుసో తెలియదో కోర్టు ఎలా కనిపెడుతుంది? మీ తలకాయ తెరిచి చూడలేరు కదా. మీ మెసేజీలు చూస్తారు. ధర చూస్తారు. మూడు వేలది పదకొండు వందలకి ఎందుకు ఇస్తున్నాడని మీరు అడిగారా, అడిగితే వాడేం చెప్పాడు? గీకిన చోటు చూసి కూడా అడగలేదా? కావాలని కళ్ళు మూసుకుంటే ఆ చీకటి మనల్ని కాపాడదు, కళ్ళు మూసుకున్నాడు కాబట్టి తెలిసే ఉంటుంది అంటుంది కోర్టు. మనవాడి ఫోన్లో అమ్మినవాడికి పంపిన మెసేజీ ఒకటుంది, "ఇది లీగలేనా బ్రదర్?" అని. వాడు బొటనవేలి బొమ్మ పంపాడు. (నవ్వులు) నవ్వకండి, ఆ మెసేజీ మంచి చేస్తుందో చెడు చేస్తుందో లాయరే ఒక పట్టాన తేల్చలేకపోయాడు. అడిగాడు అంటే అనుమానం వచ్చింది అని కూడా చదవొచ్చు కదా.

ఇక డబ్బు. అది మాత్రం పోయింది, ఇందులో వాదన లేదు. దొంగకి లేని హక్కు కొన్నవాడికి రాదు. చేతులు ఎన్ని మారినా ఆ వస్తువు ప్రభుత్వానిదే. వచ్చినవాళ్ళు వస్తువు తీసుకుని ఒక రసీదు ఇచ్చి వెళ్ళారు. అమ్మినవాడు దొరికిపోయాడు, అతని ఫోన్లోంచే మనవాడి నంబరు వాళ్ళకి వచ్చింది. పదకొండు వందలు అడుగుదామంటే ఎవర్ని అడుగుతాం?

వస్తువు మన దగ్గర ఉన్నంతసేపు మనకి వచ్చే ముప్పు ఇంకొకటి. గుండు ఆపే పలకలు, సాపీ ప్లేట్లు అంటారు, లోపల సెరామిక్. మన పింగాణీ పళ్ళెం లాగే కింద పడితే పైకి కనబడకుండా పగలొచ్చు. అందుకే ఆర్మీలో వాటిని ఎక్స్‌రే తీసి చూస్తారు, పగిలినవి తీసేస్తారు. ఆన్‌లైన్లో మీకొచ్చింది స్టోర్‌లోంచి ఎత్తుకొచ్చిన మంచిదో, పారేసినచోట ఏరుకొచ్చినదో చెప్పేవాళ్ళు లేరు. తుపాకీకి బిగించే ఇన్‌ఫ్రారెడ్ లేజర్లు ఉన్నాయి, పెక్-15 అని, దానిలో సైన్యం వాడే ఫుల్ పవర్ రకం మామూలు జనానికి అమ్మేది కాదు. ఆ కాంతి కంటికి కనబడదు, కనబడదు కాబట్టి రెప్ప పడదు, నేరుగా కంటి వెనక పొరని కాలుస్తుంది. పిల్లలున్న ఇంట్లో అది ఆడుకునే వస్తువు కాదు.

కానీ నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది నైట్ విజనూ కాదు, లేజరూ కాదు. 2022 డిసెంబరులో బయటికొచ్చిన సంగతి. మథియాస్ మార్క్స్ అని జర్మనీలో ఒక భద్రతా పరిశోధకుడు ఈబేలో 68 డాలర్లకి ఒక పెట్టె కొన్నాడు. సీక్ అంటారు దాన్ని, వేలిముద్రలూ కనుపాపా ఫోటో తీసుకునే యంత్రం, మన ఆధార్ సెంటర్లో చూసేవన్నీ ఒకే డబ్బాలో పెట్టినట్టు. తెరిచి చూస్తే మెమరీ కార్డులో 2,632 మంది మనుషులు ఉన్నారు. పేర్లు, దేశం, ఫోటోలు, వేలిముద్రలు, కనుపాపలు. ఎక్కువమంది అఫ్గానిస్తాన్, ఇరాక్ వాళ్ళు. చివరిసారి వాడింది 2012 వేసవిలో, కాందహార్ దగ్గర. వాళ్ళలో వెతుకుతున్న నేరస్థులూ ఉన్నారు, చెక్‌పోస్టు దగ్గర ఆపి ముద్ర వేయించుకున్న మామూలు జనమూ ఉన్నారు, అమెరికన్లకి పనిచేసిపెట్టినవాళ్ళూ ఉన్నారు. 2021లో కాబూల్ తాలిబాన్ చేతికి వెళ్ళింది. అమెరికన్లకి పనిచేశాడన్న లిస్టులో పేరు ఉండటమంటే అక్కడ ఏమిటో ఊహించుకోండి. ఆ లిస్టు 68 డాలర్లకి. అది దొంగ సామానని నేను అనడం లేదు. ధ్వంసం చేయాల్సింది ధ్వంసం చేయకుండా బయటికి పోయింది. కానీ కొన్నవాడికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? తెలిశాక ఆ కార్డుని ఏం చేయాలి? అతను పరిశోధకుడు కాబట్టి తెలుసు. మనమైతే ఫార్మాట్ చేసి ఫోటోలు పెట్టుకుంటాం. జర్మనీలోనే 2020లో ఒక కంపెనీ సైన్యం పాత లాప్‌టాప్ ఒకటి 90 యూరోలకి కొంటే అందులో క్షిపణి వ్యవస్థ మాన్యువల్ ఉంది, అది కూడా ఈబేనే.

సరే, నేను చాలా మాట్లాడాను. ప్రశ్నలుంటే అడగండి.

(ఒకరు: మా తమ్ముడు హైదరాబాద్ నుంచి రోజూ అడుగుతున్నాడు, అన్నయ్యా ఒక నైట్ విజన్ తెచ్చిపెట్టు, ఇక్కడ దొరకడం లేదు అని. సక్రమంగా బిల్లుతో కొని సూట్‌కేసులో తీసుకెళ్తే?)

దయచేసి వద్దండి. ఇది దొంగ సామాను కన్నా పెద్ద ప్రమాదం. పీవీఎస్-14 రకంవి అమెరికా ఆయుధాల జాబితాలో ఉన్నాయి, లైసెన్సు లేకుండా దేశం దాటిస్తే ఎగుమతి నేరం. ఎంత నిజాయితీగా కొన్నా సరే, సూట్‌కేసులో పెట్టినా సరే, పోస్టులో పంపినా సరే. కావాలని చేశారని తేలితే ఒక్కో ఉల్లంఘనకి ఇరవై ఏళ్ళ దాకా జైలు, పది లక్షల డాలర్ల దాకా జరిమానా. అప్పట్లో వీటిని తయారు చేసిన ఐటీటీ కంపెనీయే 2007లో నైట్ విజన్ సమాచారాన్ని చైనా, సింగపూర్, బ్రిటన్‌లకి పంపిన కేసులో నేరం ఒప్పుకుని పది కోట్ల డాలర్ల శిక్షకి తలవంచింది. తయారు చేసినవాడికే దిక్కులేదు, మీ తమ్ముడికి టార్చిలైటు తీసుకెళ్ళండి. (నవ్వులు) అన్నట్టు చాలామంది డీలర్లు సిటిజనో గ్రీన్‌కార్డో లేకపోతే అసలు అమ్మరు. మీరు హెచ్-1బి మీద ఉండి యాప్‌లో ఎవడో ఏమీ అడక్కుండా అమ్ముతున్నాడంటే అదొక్కటే చాలు వెనక్కి తిరిగి రావడానికి.

(ఇంకొకరు: ఇండియాలో ఆర్మీ టీషర్టులూ ప్యాంట్లూ ప్రతి బజారులో అమ్ముతారు కదండీ, దానికి ఏమీ అనరే?)

వాటిలో ఎక్కువ భాగం దొంగిలించినవి కావు, కాపీ కొట్టినవి. 2016 జనవరిలో పఠాన్‌కోట్ దాడి తర్వాత ఆర్మీ విజ్ఞప్తి కూడా చేసింది, జనం ఆ రకం బట్టలు వేసుకోవద్దు, షాపులవాళ్ళు అమ్మొద్దు అని. సైనికుణ్ణని నమ్మించడానికి ఆ దుస్తులు వేసుకుంటే నేరం, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 168. 2022లో కొత్త యూనిఫాం తెచ్చినప్పుడు ఆ డిజైన్ మీద హక్కులు కూడా రిజిస్టరు చేయించుకున్నారు. నిజంగా దొంగ సామానే అయితే అక్కడి చట్టం ఒక రకంగా ఇక్కడికన్నా గట్టిది. 317లో "తెలిసి" అని మాత్రమే లేదు, "నమ్మడానికి కారణం ఉండి" అని కూడా ఉంది. గీకిన సీరియల్ నంబరు కన్నా కారణం ఏం కావాలి.

(ఒక మహిళ: మరి ఇప్పటికే ఇంట్లో అలాంటిది ఉండి, అనుమానం వస్తే?)

మంచి ప్రశ్న అమ్మా. ముందు చేయకూడనివి చెప్తాను. మళ్ళీ ఆన్‌లైన్లో పెట్టి వదిలించుకుందాం అనుకోవద్దు, అనుమానం వచ్చాక అమ్మితే అప్పటిదాకా లేని నేరం మనమే కొని తెచ్చుకున్నట్టు. చెరువులో పారేయొద్దు. చాట్లు డిలీట్ చేయొద్దు, మీరు అమాయకులని చెప్పేవి అవే. సీరియల్ నంబరు ఉంటే ఫోటో తీసి తయారీ కంపెనీకి ఫోన్ చేసి అడగొచ్చు, కానీ నా సలహా ఏమిటంటే ముందు లాయరు దగ్గరికి వెళ్ళండి, ముఖ్యంగా ఇమిగ్రేషన్ కాగితాలు నడుస్తున్నవాళ్ళు. లాయరు ద్వారా అప్పజెప్పడం మామూలే. మనవాడు వాళ్ళు రెండోసారి వచ్చేసరికే లాయర్ని పెట్టుకున్నాడు, వస్తువు టేబుల్ మీద పెట్టాడు, మెసేజీలు చూపించాడు. కేసు పెట్టలేదు. దరఖాస్తు ఇంకా నడుస్తోంది. ఆ రసీదు మాత్రం పాస్‌పోర్టులో పెట్టుకుని తిరుగుతున్నాడు.

(వెనక నుంచి ఒక పెద్దాయన: బాబూ, ఆ ఎమ్మారీ అంటారే, సైనికుల భోజనం ప్యాకెట్లు, అవి ఒక పెట్టె మా గరాజ్‌లో ఉన్నాయి. ఈబేలో కొన్నాను. పెట్టె మీద "ప్రభుత్వ ఆస్తి, అమ్మరాదు" అన్నట్టు ఏదో రాసి ఉంది...)

(నవ్వులు) అవునండీ, రాసి ఉంటుంది. ప్రభుత్వ ఆస్తి, వ్యాపారానికి అమ్మడం చట్టవిరుద్ధం అని. కత్రినా తుఫాను తర్వాత అవి ఈబేలో కనబడితే ఆ తనిఖీ ఆఫీసువాళ్ళు దాని మీద కూడా విచారణ చేశారు. పెట్టెలో పన్నెండు ఉంటాయి. ఎన్ని మిగిలాయి బాబాయ్ గారూ?

(పెద్దాయన: రెండు.)

సరే, మీటింగ్ అయ్యాక మీ కారు దగ్గరికి వస్తాను.